షెడ్డులో పన్నెండేళ్లు నిలిచిపోయిన అంబాసిడర్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. తెనాలి దగ్గర పల్లెలో మీ నాన్నగారి 1977 మోడల్ మార్క్ 3 అంబాసిడర్ ఉంది, పెట్రోల్ బండి. ఆయన పోయినప్పటి నుంచి పన్నెండేళ్లుగా రేకుల షెడ్డులో కదలకుండా పడి ఉంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి, ఇంజిన్ తిరగడం లేదు. మీరు మెకానిక్ కాదు, ఆదివారాలే వీలవుతుంది. ఇంట్లో చేసుకోవచ్చా, ముందు ఇంజిన్ చూడాలా పెయింట్ చూడాలా, ఎంతవుతుంది అని అడిగారు.

చేసుకోవచ్చు. విప్పడం, కడగడం, బ్రేకులు, పెట్రోల్ లైను, ట్యూనింగ్, వైరింగ్, సీట్లు, లోపలి సామాను ఇవన్నీ ఓపికున్నవాళ్లు ఇంటి దగ్గర చేసుకోగలిగినవే. వెల్డింగు, లేత్ పని, ఆఖరి పెయింట్ మాత్రం బయట చేయించండి. ఇంజిన్ ముందా పెయింట్ ముందా అన్నారు కదా, ఆ రెండింటికన్నా ముందు చూడాల్సింది బండి అడుగుభాగం. ఫ్లోరు తర్వాత బ్రేకులు, బ్రేకుల తర్వాత ఇంజిన్, ఆ తర్వాత వైరింగ్, అన్నిటికన్నా ఆఖర్న పెయింట్. పాతబండ్ల పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. సగంలో ఆగిపోయి పాతసామానుకు వెళ్లిపోయిన బండ్లలో ఎక్కువ భాగం ఈ వరస తప్పినవే.

ఈలోపు ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టొద్దు. "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. పట్టేసిన ఇంజిన్‌ను సెల్ఫుతో బలవంతంగా తిప్పితే సిలిండరు గోడలకు అంటుకున్న పిస్టన్ రింగులు విరుగుతాయి. ఒకవేళ తిరిగినా, పన్నెండేళ్లుగా చుక్క ఆయిల్ అందని బేరింగులు పొడిగా రాసుకుంటాయి. తేలిగ్గా తేలిపోయే ఇంజిన్ పని అక్కడితో బోరింగ్ దాకా, అంటే సిలిండర్ల లోపలి గోడలు యంత్రం మీద కోయించేదాకా పోతుంది.

ఫ్లోరు ఎందుకు ముందు

లారీకి, పాత జీపుకు కింద విడిగా ఛాసిస్ ఉంటుంది. బాడీ తుప్పు పట్టిపోయినా ఛాసిస్ నిలబడుతుంది. అంబాసిడర్‌కు అలా కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాను తీసుకుని హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తరపాడలో తయారుచేసిన బండి ఇది. బాడీయే దీనికి ఛాసిస్. ఫ్లోరు, డోర్ల కింద పొడవునా ఉండే సిల్ బాక్సులు, అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్లు కలిసి బరువంతా మోస్తాయి. ముందు సస్పెన్షన్‌కు కాయిల్ స్ప్రింగులు ఉండవు. రెండు పొడవాటి టార్షన్ బార్లు, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు, ముందు చక్రాల దగ్గర మొదలై, ముందు సీట్ల కింద క్రాస్ మెంబరులో బిగించి ఉంటాయి. ముందు భాగం బరువంతా ఆ బిగింపు మీదే. అక్కడ రేకు పుచ్చిందంటే ఆ బండిని రోడ్డెక్కించకూడదు, పైన ఎంత మెరుస్తున్నా సరే.

కాకినాడలో ఒకాయన కొన్న ప్రీమియర్ పద్మినిని చూడటానికి నన్ను పిలిచారు. అదీ ఇలాగే విడి ఛాసిస్ లేని బండి. పెయింట్ అద్దంలా ఉంది. లోపల మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే డ్రైవరు కాళ్ల దగ్గర చెయ్యి పట్టేంత మేర రేకు ఊడి కిందపడింది. పైన ఉన్నదంతా పుట్టీ. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, అంటే విశాఖ, కాకినాడ, బందరు వైపు ఇది మామూలే. అనంతపురం వైపు పొడినేలలో నిలిచిన బండ్లలో రేకు గట్టిగా ఉండి రబ్బరు సామానంతా ఎండి పగిలిపోయి ఉంటుంది. మీది తెనాలి, కృష్ణా డెల్టా తేమ. షెడ్డు నేల మట్టిదైతే కింది నుంచి ఆవిరి పన్నెండేళ్లుగా రేకుకు కొడుతూనే ఉంటుంది, కాబట్టి అనుమానంతోనే చూడండి.

చూసే పద్ధతి చెబుతాను. మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకుని డోర్ల అడుగున, చక్రాల ఆర్చీల చుట్టూ, మడ్‌గార్డుల వెనక, ముందద్దం రబ్బరు కింద పెట్టుకుంటూ పోండి. పట్టు తగ్గినచోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. తర్వాత మ్యాట్లన్నీ తీసేసి ఫ్లోరును స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట మొనతో పొడవండి. డిక్కీలో స్టెప్నీ ఉండే చోటు, వెనక కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) బాడీకి తగులుకునే చోట్లు, సిల్ బాక్సుల అడుగు, టార్షన్ బార్ల వెనక బిగింపు, ఈ నాలుగూ తప్పకుండా చూడండి. డోర్ల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోయి ఉంటాయి, తీగతో పొడిచి తెరవండి.

ఫ్లోరులో అక్కడక్కడా చిల్లులైతే భయపడకండి. రెండు సిల్ బాక్సులూ, టార్షన్ బార్ బిగింపులూ కూడా పోయి ఉంటే మాత్రం ఇది ఆదివారాల పని కాదు. మంచి టింకరింగ్ (రేకుపని) షెడ్డు ఖర్చుకు సిద్ధపడాలి, లేదా బండిని జ్ఞాపకంగా అలాగే ఉంచుకోవాలి. ఈ నిర్ణయం ఇంజిన్ మీద ఒక్క రూపాయి పెట్టకముందే జరగాలి. వరసలో ఫ్లోరును మొదట పెట్టమనడం ఇందుకే.

షెడ్డులో అడుగుపెట్టే ముందు

పన్నెండేళ్లు మూసిన బండిలో పాములు, తేళ్లు, జెర్రులు ఉండటం నేను చాలాసార్లు చూశాను. డోర్లు, డిక్కీ, బానెట్ తెరిచి కాసేపు వదిలేసి, కర్రతో సీట్ల కింద తట్టి చూశాకే చెయ్యి పెట్టండి. ఎలుకల గూళ్లు తీసేటప్పుడు మాస్కు, గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్లు చల్లి తడిపాక ఎత్తండి.

జాకీ మీద ఉన్న బండి కిందకు ఎప్పుడూ దూరొద్దు. ఇటుకలు అసలు పనికిరావు, ఒక్కసారిగా పిండి అయిపోతాయి. నాలుగు ఇనుప స్టాండ్లు కొనండి, అవి దొరక్కపోతే గట్టి కొయ్య దిమ్మలు అడ్డంగా నిలువుగా పేర్చి పెట్టండి. పుచ్చిన సిల్ కింద స్టాండు పెడితే రేకు చీరుకుని బండి కూలుతుంది. వెనక యాక్సిల్ కింద, ముందు గట్టి మెంబరు కింద పెట్టండి.

స్పానర్ల గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇది ఇంగ్లీషువాళ్ల డిజైను, బోల్టులు అంగుళాల కొలతలో ఉంటాయి. ఇంట్లో ఉండే మిల్లీమీటరు స్పానర్లు పట్టినట్టే పట్టి బోల్టు మూలలు గుండ్రం చేసేస్తాయి. 7/16, 1/2, 9/16 అంగుళాలున్న సెట్ ఒకటి కొనండి, చాలావరకు ఆ మూడింటితోనే గడుస్తుంది. తుప్పు బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

ఇంకొకటి, బండినంతా ఒకేసారి విప్పేయకండి. విప్పేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, ఆరు నెలల తర్వాత డబ్బాల్లోని బోల్టులు చూస్తే ఏది ఎక్కడిదో గుర్తుండదు. ఒక భాగం విప్పండి, బాగుచేయండి, బిగించండి, తర్వాతే ఇంకోదానికి వెళ్లండి. విప్పే ప్రతిదానికీ ముందు ఫోన్లో ఫోటో తీసి, బోల్టులు చిన్న కవర్లో వేసి మీద రాయండి. కొత్త స్పేరు బిగించి సరిపోయిందని తేలేదాకా పాత ముక్క పారేయొద్దు. ఇప్పుడు దొరికే కొత్త సామానులో కొన్ని కొలతకు సరిగా ఉండవు, అప్పుడు పాతదాన్నే బాగుచేయించి వాడుకోవాల్సి వస్తుంది.

వెల్డింగు

ఇది బయటివాళ్ల చేత చేయించమన్నాను గానీ, దగ్గరుండి చేయించండి. పుచ్చిన రేకు మీదే కొత్త రేకు కప్పి చుట్టూ అంటించేయడం చాలామంది చేసే పని. రెండు రేకుల మధ్య తేమ చేరి రెండు వానాకాలాల్లో మళ్లీ పుచ్చుతుంది. తుప్పు రేకును గట్టి రేకు తగిలేదాకా కోయించి, 18 గేజి రేకుతో అతుకు వేయించండి. గ్యాస్ వెల్డింగు వేడికి పలుచటి రేకు వంకర్లు తిరుగుతుంది కాబట్టి సీఓటూ వెల్డింగు (కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ కరెంటుతో చేసేది) ఉన్న షెడ్డు వెతకండి. సిల్ కోసేటప్పుడు డోరు ఖాళీలో అడ్డంగా ఇనుప పైపు తాత్కాలికంగా వెల్డ్ చేసి నిలబెట్టాలి. అలా నిలబెట్టకపోతే మధ్యలో బాడీ కుంగి, పని అయ్యాక ఆ డోరు ఎన్నటికీ సరిగా పడదు. టింకర్ ఆ పైపు ప్రస్తావన తేకపోతే మీరే అడగండి. ఆయన చెప్పే జవాబును బట్టి ఆయన పనితనం తెలుస్తుంది. వెల్డింగుకు ముందు పెట్రోల్ ట్యాంకు బండిలోంచి దింపేసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపలి ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది.

వెల్డింగ్ అయిన చోటల్లా ఎపాక్సీ ప్రైమర్, దానిమీద అండర్ కోటింగ్ వేయించండి. సిల్ బాక్సుల లోపలికి మైనం కలిసిన తుప్పు నిరోధక ద్రవం స్ప్రే గొట్టంతో కొట్టండి.

బ్రేకులు

ఇక్కడ పొదుపు పనికిరాదు. మీ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, నాలుగింటికీ కలిపి ఒకటే హైడ్రాలిక్ లైను. ఎక్కడో ఒకచోట పైపు పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందుకే సందేహమున్న ముక్కనల్లా మార్చాలి.

డ్రమ్ములు పట్టేసి ఉంటాయి. వెనక ఉన్న అడ్జస్టర్ వదులు చేసి, డ్రమ్ము అంచు చుట్టూ కొయ్య సుత్తితో తట్టుతూ లాగండి. విప్పగానే లోపలి నల్లటి పొడిని నోటితో ఊదొద్దు, గాలి పైపు పెట్టొద్దు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారేయండి. వీల్ సిలిండర్ల పిస్టన్లు తీసి లోపలి గోడను వేలితో తడమండి. గోరుకు గుంటలు తగిలితే కొత్త వాషర్లు వేసినా లీకవుతుంది. కొత్త సిలిండరు వేయండి, లేదా లేత్ దగ్గర లోపల స్లీవ్ (తొడుగు) వేయించండి. మాస్టర్ సిలిండరుకూ ఇదే లెక్క. రబ్బరు వాషర్లను పెట్రోలుతో కడిగే అలవాటు మన మెకానిక్కుల్లో చాలామందికి ఉంది. పెట్రోలు తగిలిన రబ్బరు ఉబ్బిపోయి పట్టేస్తుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

చక్రాల దగ్గరుండే రబ్బరు హోసులు పైకి బాగున్నా కచ్చితంగా మార్చండి. లోపల ఉబ్బి, పెడలు నొక్కితే ఆయిల్ వెళ్తుంది గానీ వదిలాక వెనక్కి రాదు, చక్రం పట్టుకునే ఉంటుంది. ఇనుప పైపులు తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయించండి. కొత్త డాట్ 3 ఆయిల్ పోసి, మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి ఎయిర్ తీయండి. పెడలును గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టి ఉంచండి. మెల్లగా దిగిపోతోందంటే ఎక్కడో లీకు ఉంది.

టైర్లు ఎంత గీతలున్నా మార్చాల్సిందే, పక్కలు పగిలి ఉంటాయి. ముందు చక్రాల బేరింగులు తీసి కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పట్టించండి. కింద సస్పెన్షన్‌లో గ్రీజు నిపుల్స్ ఉంటాయి, గన్నుతో పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి.

పట్టేసిన ఇంజిన్

ఇప్పుడు ఇంజిన్. మీ బండిలోది 1489 సీసీ నాలుగు సిలిండర్ల బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ ఇంజిన్. ఎంతో మొండిది, చాలావరకు తిరిగి లేస్తుంది. ఇంగ్లండులో ఎంజీఏ స్పోర్ట్స్ కార్ల మొదటి రకానికీ ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజినే ఉండేది. ఆ కార్లు బాగుచేసుకునేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ ఇంజిన్ సామాను కొంత అక్కడ తయారవుతూనే ఉంది. మీవాళ్లెవరైనా ఇంగ్లండులో ఉంటే గాస్కెట్ సెట్టు తెప్పించుకోవచ్చు. రెండింటి నంబర్లు సరిపోతున్నాయో లేదో సరిచూసుకున్నాకే కొనండి.

ముందు పాత ఆయిల్ దించండి. నీళ్లు ముందు వచ్చినా, ఆయిల్ పాలవిరుగుడులా ఉన్నా లోపలికి నీరు చేరినట్టు, హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పక తప్పదు. నల్లగా చిక్కగా ఉంటే మంచి సంకేతమే. నాలుగు ప్లగ్గులూ తీసి, డీజిల్, ఇంజిన్ ఆయిల్ సమానంగా కలిపి ఒక్కో రంధ్రంలో టీగ్లాసులో సగం పోయండి. రంధ్రాలకు గుడ్డ కప్పి వారం వదిలేయండి. వారం తర్వాత చూస్తే ఏ సిలిండరులో ద్రవం అలాగే నిలిచిందో, ఏదాంట్లో జారిపోయిందో తెలుస్తుంది. దిగినదాంట్లో మళ్లీ పోయండి.

తర్వాత తిప్పాలి. ముందు బంపరు రంధ్రంలోంచి హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు ఈ బండికి ఉంది. అది ఒక్కవైపే తిప్పుతుంది, వెనక్కి తిప్పితే ఊడొస్తుంది. పట్టేసిన ఇంజిన్‌కు కావలసింది ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదలిక. అందుకని బ్రేకులు వదులై, చక్రాలు తిరుగుతున్నాక టాప్ గేరులో వేసి ఇద్దరు మనుషులు బండిని ముందుకూ వెనక్కూ ఊపాలి. బ్రేకులు ఇంజిన్ కన్నా ముందు చేయమన్నదానికి ఇదీ ఒక కారణం. అనంతపురం నుంచి వచ్చిన ఒక మార్క్ 2 ఇలా మూడో ఆదివారానికి అంగుళం కదిలింది, సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది, హెడ్ విప్పే అవసరమే రాలేదు. కదలకపోతే బలం పెంచకండి. మళ్లీ ద్రవం పోసి మళ్లీ ఆగండి. నెలరోజులకూ లొంగకపోతే అప్పుడు హెడ్ విప్పాలి.

తిరగడం మొదలయ్యాక కొత్త ఆయిల్ పోయండి. 20డబ్ల్యూ-50 గ్రేడు, పాత ఇంజిన్లకని అమ్మేది అయితే మంచిది. పలుచటి కొత్తరకం ఆయిళ్లు దీనికి నప్పవు. ప్లగ్గులు లేకుండానే సెల్ఫుతో విడతలు విడతలుగా తిప్పుతూ పోండి, ఆయిల్ లైటు ఆరాలి. అది ఆరేదాకా ప్లగ్గులు పెట్టొద్దు. ఈలోపు వాల్వు కవరు తీసి రాకర్ల (వాల్వులను నొక్కే చేతుల) మీదకు ఆయిల్ వస్తోందో చూడండి.

కవరు తీసిన చేత్తోనే ట్యాపెట్లు, అంటే వాల్వులకూ రాకర్లకూ మధ్య ఉండే సందు, సర్దండి. ఇది ఇంట్లో నేర్చుకోదగ్గ పని, చాలా తృప్తినిస్తుంది. ముందునుంచి వెనక్కి వాల్వులను 1 నుంచి 8 దాకా లెక్కపెట్టుకోండి. తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు. 8వ వాల్వు పూర్తిగా కిందికి దిగి తెరుచుకున్నప్పుడు 1వది సర్దాలి, 6వది తెరుచుకున్నప్పుడు 3వది, 5వది తెరుచుకున్నప్పుడు 4వది. ఎప్పుడూ రెండూ కలిపితే తొమ్మిది. సందు 0.015 అంగుళం. ఫీలర్ గేజు (సందు కొలిచే పలుచటి ఆకుల సెట్టు) ఆకు సందులో దూర్చి లాగితే కొద్దిగా పట్టి వదులుతున్నట్టు ఉండాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది కాబట్టి బిగించాక మళ్లీ ఒకసారి గేజు పెట్టి చూడండి.

కంప్రెషన్ మీటరు దొరికితే నాలుగు సిలిండర్లూ చూడండి. అసలు అంకె కన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. కొన్నాళ్లు నడిచాక రింగులు వదులై అంకె పెరగడమూ ఉంది, కాబట్టి మొదటిరోజు అంకె చూసి బోరింగుకు పంపేయకండి.

పెట్రోలు, నీళ్లు

పాత పెట్రోలు వార్నిష్‌లా గడ్డకట్టి ఉంటుంది. ట్యాంకు దింపి, గుప్పెడు నట్లు వేసి ఊపి కడిగి, తుప్పు వదిలే ద్రావణం పోసి, బాగా ఆరబెట్టండి. కార్బురేటర్ కొన్ని బండ్లకు ఎస్‌యూ కంపెనీది, కొన్నింటికి సోలెక్స్ కంపెనీది ఉంటుంది. ఏదైనా సరే, విప్పి జెట్లను గాలితో శుభ్రం చేయండి. తీగ పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది. గాలి వెళ్లే దారిలోనూ సైలెన్సర్ గొట్టంలోనూ కుమ్మరిపురుగులు మట్టిగూళ్లు కడతాయి, చూసుకోండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అందులో 20 శాతం ఇథనాల్. 1977 నాటి రబ్బరు హోసులు, పంపు డయాఫ్రమ్, కార్కు గాస్కెట్లు దానికోసం చేసినవి కావు. మెత్తబడి కారతాయి, వేడి ఇంజిన్ మీద కారితే మంట. ఇథనాల్‌ను తట్టుకునే హోసులు, డయాఫ్రమ్ కొత్తవి వేయండి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచొద్దు. సీసం సంగతీ చెప్పాలి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఈ ఇంజిన్ సీసమున్న కాలానిది. నెమ్మదిగా నడిపితే ఇబ్బంది రాదు, ఎప్పుడైనా హెడ్ విప్పాల్సి వస్తే ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించండి.

రేడియేటర్‌ను షాపుకిచ్చి పై ట్యాంకు విప్పించి గొట్టాల్లో కడ్డీ వేయించండి. ఇంజిన్ బ్లాకులో, ముఖ్యంగా వెనక సిలిండరు చుట్టూ తుప్పు బురద పేరుకుని ఉంటుంది. డ్రెయిన్ తీసి తీగతో కెలికి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. అది వదిలేస్తే ఎన్ని రేడియేటర్లు మార్చినా వేడెక్కడం ఆగదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బండి ట్యాంకు వాడొద్దు. చిన్న డబ్బాలో తాజా పెట్రోలు పోసి పంపు గొట్టం అందులో పెట్టండి. మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి. స్టార్టయ్యాక క్లచ్ పట్టేసి గేరు పడకపోవచ్చు. అన్నేళ్లకు ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి ఆపి, టాప్ గేరులో వేసి క్లచ్ తొక్కిపట్టి బండిని ఊపితే చాలాసార్లు విడిపోతుంది.

వైరింగ్

వైర్ల పైపొర ముట్టుకుంటే రాలిపోతుంటే అతుకులు వేయకుండా మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) మార్చండి. ఆ కాలపు బండ్లలో ఫ్యూజులు చాలా తక్కువ, షార్టయితే వైరే కాలుతుంది. బ్యాటరీ తగిలించే ముందు ఎర్త్ ఏ వైపో, అంటే పాజిటివ్, నెగటివ్‌లలో ఏది బాడీకి తగిలించి ఉందో చూడండి. ఇంగ్లీషు పద్ధతిలో పాజిటివ్ ఎర్త్ ఉన్న పాత అంబాసిడర్లు ఉన్నాయి, తిప్పి పెడితే సామాను పోతుంది. రంగులు గుర్తుపెట్టుకుంటే పని సులువు: బ్రౌన్ బ్యాటరీ మెయిన్, తెలుపు ఇగ్నిషన్, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు పార్కింగ్ లైట్లు, నలుపు ఎర్త్. హెడ్‌లైట్లకు రిలే పెట్టడం, బ్యాటరీ మెయిన్‌కు ఒక కటాఫ్ స్విచ్చు పెట్టడం మంచి మార్పులు. ముందు సీట్లకు బెల్టులు కూడా పెట్టించండి. స్టీరింగ్ కింది గేరును మాత్రం నేల మీదకు మార్పించకండి. మీ నాన్నగారి చెయ్యి అలవాటుపడిన గేరు అది, బండి విలువ కూడా దాంట్లోనే ఉంది.

సామాను, ఖర్చు

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. అయినా స్పేర్లకు పెద్దగా ఇబ్బంది లేదు. మీకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్ ఉంది, లేత్ పని, రేడియేటర్, కమాన్ కట్టల పని అన్నీ అక్కడే అవుతాయి. దొరకనివాటికి చెన్నై పుదుపేట, ఇంకా కావాలంటే కలకత్తా మల్లిక్ బజారు. అక్కడ ఏళ్లపాటు టాక్సీలన్నీ ఇవే కాబట్టి సామాను ఇంకా కదులుతోంది. పాత ముక్క చేత్తో పట్టుకెళ్లండి, ఫోన్లో వర్ణించి తెప్పించుకుంటే తేడా వస్తుంది.

ఎంతవుతుందో బండి చూడకుండా ఎవరు అంకె చెప్పినా నమ్మొద్దు. నేను చేసిన బండ్లలో సగానికి పైగా డబ్బు టింకరింగ్‌కూ పెయింటుకూ పోయింది, ఇంజిన్‌కు అందరూ అనుకునేదానికన్నా తక్కువే అయింది. ఫ్లోరు మొత్తం విప్పి చూశాక టింకర్ చేత అంచనా వేయించండి. రేకు కోశాక లోపల ఇంకా బయటపడుతుంది కాబట్టి ఆ అంచనాకు సగం కలిపి దగ్గర పెట్టుకోండి. అమ్మితే డబ్బు తిరిగొస్తుందన్న లెక్కతో మాత్రం మొదలుపెట్టకండి.

పెయింట్ గురించి కొంచెమే చెబుతాను. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకుండా నీళ్ల కాగితంతో రుద్దండి. ఇప్పటి టూకే పెయింట్ల (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేవి) ఆవిరి ఊపిరికి ప్రమాదం, ఇంటి షెడ్డులో కొట్టకండి, బూత్ ఉన్నచోట కొట్టించండి. అద్దాల బీడింగులు, బ్యాడ్జీలు ముందే మీరే విప్పి ఇంట్లో దాచుకోండి, షెడ్డుల్లో అవి మాయమవుతుంటాయి.

కాగితాలు

ఇది పని మొదలుపెట్టిన వారంలోనే చూడండి, ఆఖరికి వదలొద్దు. ఆర్‌సీ నాన్నగారి పేరు మీద ఉంటే వారసులుగా ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. ఆర్‌సీ గడువు తీరి ఉంటుంది కాబట్టి ఫారం 25తో రెన్యువల్, అది ఐదేళ్లకు ఇస్తారు. 2025 ఆగస్టు మార్పుతో 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలైంది, పన్నులు, ఆలస్యపు రుసుములు విడిగా. చేతిరాత ఆర్‌సీ పుస్తకమైతే వివరాలు కంప్యూటర్లో ఉండకపోవచ్చు, ముందు వాటిని ఎక్కించుకోవాలి. ఛాసిస్ నంబరు ప్లేటును ఏ టింకర్ చేతా కోయించొద్దు, పెయింటుతో నింపేయనివ్వొద్దు. తనిఖీలో పెన్సిల్ ముద్ర తీసేది దాన్నించే.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. మీ బండి 1977లోనే రిజిస్టరై ఉంటే 2027లో ఆ వయసుకు వస్తుంది. పాత నంబరు అట్టే పెట్టుకోవచ్చు, రిజిస్ట్రేషన్ పదేళ్లు. కానీ అలా నమోదైన బండిని ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేరు లాంటి అవసరాలకే రోడ్డెక్కించాలి, రోజువారీ తిరగకూడదు. పండక్కి ఊళ్లో తిప్పాలి, అమ్మగారిని ఎక్కించుకుని తెనాలి వెళ్లాలి అనుకుంటే మామూలు రెన్యువలే చేయించండి.

రోడ్డెక్కిన మొదటిరోజు ఊరి బయట ఖాళీ రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల వేగం దాటకుండా బ్రేకులు చూసుకోండి. ఆపగానే నాలుగు డ్రమ్ములకూ దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అది పట్టుకుంటున్నట్టు. రెండు మూడు వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చేయండి, లోపలి మురికంతా అప్పుడే దిగుతుంది. అప్పుడే ట్యాపెట్లు మళ్లీ చూడండి, చక్రాల నట్లు, కమాన్ కట్టల యూ బోల్టులు మళ్లీ బిగించండి. ఈ ఆదివారం మ్యాట్లు తీసి అయస్కాంతం, స్క్రూడ్రైవర్ పని చేయండి. టార్షన్ బార్ బిగింపు దగ్గరి ఫోటోలు పంపితే రేకు మిగిలిందో లేదో చూసి చెబుతాను.